డాలస్ ఎండలకు మీ గరాజ్ డోర్ సిద్ధమేనా?

(డాలస్ ఉత్తర శివార్లలో సొంత ఇళ్లున్న తెలుగు కుటుంబాల కోసం ఏప్రిల్‌లో చేసిన ప్రసంగం. చివర సభికులు అడిగిన కొన్ని ప్రశ్నలు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, అదీ భోజనాలయ్యాక, గరాజ్ డోర్ గురించి మాట్లాడతానంటే ఎవరు కూర్చుంటారులే అనుకున్నాను. వెనక వరసలు కూడా నిండాయి, సంతోషం. నిద్రొస్తే మొహమాటపడకండి, వెనక కాఫీ ఉంది.

ముందు కాలం సంగతి చెప్పుకుందాం. మనం పెరిగిన ఊళ్లలో ఎండలు మార్చి చివర మొదలై, రోహిణి కార్తెలో రోళ్లు పగిలేలా కాసి, జూన్‌లో తొలకరి పడగానే తగ్గిపోతాయి. ఇక్కడ లెక్క వేరు. ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసి వాన పడిందని చెప్పేసరికి డాలస్‌లో అసలు ఎండ మొదలవుతుంది. జులై, ఆగస్టు పూర్తిగా కాసి, సెప్టెంబరులో కూడా వదలదు. 2011లో ఇక్కడ నూరు ఫారెన్‌హీట్ తాకిన లేదా దాటిన రోజులు 71. 1980 జూన్ 26, 27 తేదీల్లో 113 నమోదైంది, అంటే మన సెల్సియస్‌లో 45. రెంటచింతల వాళ్లెవరైనా ఉంటే ఇదీ ఒక ఎండేనా అంటారు, నాకు తెలుసు. కానీ రెంటచింతలలో మన ఇంటికి పదహారు అడుగుల వెడల్పు రేకు తలుపు, దానికో మోటారు ఉండేవి కావు కదా. అందుకే ఈ మాటలు ఏప్రిల్‌లో చెబుతున్నాను. జులైలో గరాజ్‌లో నిచ్చెనెక్కి పని చేయడం మీకూ కష్టం, నాలాంటి సర్వీసు వాళ్లకూ కష్టం. పైగా అప్పుడు అపాయింట్‌మెంట్లు దొరకవు.

ఇప్పుడు అసలు విషయం. డోర్ బరువు మోసే స్ప్రింగులు ఎండకు తెగిపోతాయని, అందుకే వేసవికి ముందే మార్చేయాలని మీకు ఫోన్లు వస్తుంటాయి, తలుపుకి కాగితాలు తగిలించి పోతుంటారు. నమ్మకండి. డోర్ పైన గోడకు అడ్డంగా ఉండే ఆ టార్షన్ స్ప్రింగ్ గట్టి ఉక్కు. యాభై, అరవై డిగ్రీల వేడి దానికి లెక్కలోది కాదు. అది తెగేది అలసట వల్ల. మామూలు స్ప్రింగును పదివేల సార్లు ఎక్కి దిగడానికి తయారు చేస్తారు. డోర్ ఒకసారి తెరిచి మూస్తే ఒక లెక్క. రోజుకు నాలుగు సార్లు అనుకుంటే ఏడేళ్లు కూడా నిండవు. మన ఇళ్లలో ముందు తలుపు ఎవరూ వాడరు, అందరి రాకపోకలూ గరాజ్ లోంచే. పిల్లలకు సైకిలు తియ్యాలన్నా డోర్ ఎత్తాల్సిందే. అందుకని అయిదేళ్లకే తెగినా ఆశ్చర్యపోవద్దు. తెగడం కూడా చలికాలం పొద్దున్నే ఎక్కువగా చూస్తుంటాం, ఎండాకాలంలో కాదు.

మరి ఎండ ఏం చేస్తుంది? ఇనుము చుట్టూ ఉన్నవాటిని పాడు చేస్తుంది. రబ్బరు, గ్రీజు, ప్లాస్టిక్, చెక్క, ఎలక్ట్రానిక్స్, చివరికి కింద ఉన్న నేలను కూడా. వేసవి సంరక్షణ అంటే వీటిని చూసుకోవడం. స్ప్రింగుకు మీరు చేయాల్సింది ఒక్కటే, నూనె పట్టించడం. మిగతాదేదీ ముట్టుకోకండి.

డోర్ సంగతి ముందు చూద్దాం. మన కాలనీల్లో ఇళ్లు చాలావరకు రెండు కార్లకు ఒకే పెద్ద డోర్‌తో ఉంటాయి, పదహారు అడుగుల వెడల్పు. ఎముకలు కొరికే జనవరి ఉదయానికీ, ఆగస్టులో పడమటి ఎండ నేరుగా కొట్టే సాయంత్రానికీ ఆ రేకు పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లు మారుతుంది. అది పెద్ద సమస్య కాదు, పక్కల ట్రాక్‌లలో దొర్లే చిన్న చక్రాల్లో, అంటే రోలర్లలో, ఆ మాత్రం సందు ఉంటుంది. అసలు ఇబ్బంది ఇన్సులేషన్ ఉన్న డోర్లలో వస్తుంది. వాటికి బయట ఒక రేకు, లోపల ఒక రేకు, మధ్యలో నురుగు. బయటి రేకు ఎండకు కాలిపోతుంటే లోపలిది అంత వేడెక్కదు. బయటిది సాగుతుంది, లోపలిది సాగదు. ఫలితంగా ప్యానెల్ మధ్యభాగం ఎండ వైపుకి ఉబ్బుతుంది. పదహారు అడుగుల డోర్ మధ్యలో ఈ ఉబ్బు సెంటీమీటరు దాటొచ్చు. అప్పుడది పైన ఫ్రేముకి కొట్టిన అంచుపట్టీని రాసుకుంటూ కదులుతుంది. ఓపెనర్‌కి, అంటే డోర్‌ను నడిపే సీలింగ్ మీది మోటారు పెట్టెకి, ఏదో అడ్డం వచ్చిందనిపించి వెనక్కి తిరుగుతుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. ఇది సాయంత్రం అయిదు, ఆరు మధ్య కనిపిస్తుంది. మీరు విసుగెత్తి టెక్నీషియన్‌కి ఫోన్ చేస్తారు. అతను మర్నాడు పొద్దున తొమ్మిదికి వస్తాడు. రాత్రి చల్లబడి డోర్ మళ్లీ తిన్నగా అయిపోయి ఉంటుంది. పది సార్లు తెరిచి మూసి చూపిస్తాడు, అంతా బాగానే ఉందంటాడు, ఫీజు తీసుకుని పోతాడు. ఆ సాయంత్రం మళ్లీ అదే గొడవ. కాబట్టి డోర్ మొండికేసినప్పుడే ఫోన్లో వీడియో తీయండి, ఎన్ని గంటలకో గుర్తుంచుకోండి, వీలైతే మనిషిని సాయంత్రమే రమ్మనండి. పరిష్కారం సాధారణంగా డోర్ లోపలి వైపు అడ్డంగా ఒక ఉక్కు పట్టీ బిగించడం. దాన్ని స్ట్రట్ అంటారు. పై ప్యానెల్‌కి ఒకటి ఎలాగూ ఉంటుంది, ఓపెనర్ లాగేది అక్కడే కాబట్టి. ఇంకోటో రెండో పెట్టిస్తే చాలావరకు సర్దుకుంటుంది. కానీ పట్టీ బరువు డోర్‌కి చేరుతుందని మర్చిపోకండి. ఆ బరువు సంగతి తర్వాత చెబుతాను.

ఇంతలో చాలామంది చేసే పని ఏమిటంటే, ఓపెనర్ వెనక ఫోర్స్ తిప్పే బటన్ ఒకటుందని యూట్యూబ్‌లో చూసి దాన్ని పెంచేస్తారు. డోర్ రాసుకుంటున్నా సరే, మోటారు బలంగా తోసి మూసేస్తుంది. పని అయిపోయిందనుకుంటారు. ఇది నాకు అసలు నచ్చని పని. ఆ ఫోర్స్ పరిమితి ఉన్నది కింద ఎవరైనా ఉంటే డోర్ వెనక్కి పోవడానికి. మీ డోర్ బరువు నూట యాభై నుంచి రెండు వందల యాభై పౌండ్ల దాకా ఉంటుంది. వేసవి సెలవుల్లో పిల్లలు రోజంతా ఇంట్లోనే ఉంటారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చేది కూడా ఇప్పుడే. మూసుకుంటున్న డోర్ కింద నుంచి వంగి దూరి బయటికి వచ్చే ఆటను మనవళ్లు తాతకి కూడా నేర్పిస్తారు.

ఈ దేశంలో 1993 జనవరి 1 నుంచి తయారైన ఇళ్ల ఓపెనర్లన్నింటికీ, మామూలుగా వెనక్కి తిరిగే ఏర్పాటుతో పాటు, కిరణం లాంటి ఇంకో రక్షణ కూడా ఉండాలని ఫెడరల్ నిబంధన పెట్టారు. పిల్లలు డోర్ల కింద నలిగి చనిపోయిన ఘటనల తర్వాత వచ్చిన నిబంధన అది. రెండింటినీ మీరే పరీక్షించుకోవచ్చు. హోమ్ డిపోలో దొరికే టూ బై ఫోర్ చెక్క ముక్కను డోర్ మధ్యలో నేల మీద పడుకోబెట్టి, డోర్ మూయండి. చెక్కను తాకిన రెండు సెకన్లలో అది వెనక్కి పైకి పోవాలి. పోకపోతే ఆ రోజు నుంచే ఓపెనర్ వాడటం మానేసి మనిషిని పిలవండి. రెండో పరీక్ష, డోర్ దిగుతుండగా కిరణానికి అడ్డంగా చీపురు కర్ర పెట్టడం. కాలు మాత్రం పెట్టకండి.

కిరణం అన్నాను కదా, డాలస్‌లో వేసవి ఫిర్యాదుల్లో నాకు ఎక్కువగా వచ్చేది దాని గురించే. డోర్ రెండు పక్కలా నేలకు ఆరు అంగుళాలు మించని ఎత్తులో చిన్న కళ్లలాంటి సెన్సర్లు ఉంటాయి. ఒకటి పంపేది, ఇంకోటి అందుకునేది. పడమటి ముఖం ఇళ్లలో సాయంత్రం సూర్యుడు కిందికి దిగగానే ఎండ నేరుగా అందుకునే కంట్లో పడుతుంది. దానికి కిరణం కనబడదు. మీరు ఆఫీసు నుంచి వచ్చి కారు లోపల పెట్టి బటన్ నొక్కితే, డోర్ రెండడుగులు దిగి మళ్లీ పైకి పోతుంది, ఓపెనర్ లైటు టపటపా కొట్టుకుంటుంది. చీకటి పడ్డాక మాత్రం బుద్ధిగా మూసుకుంటుంది. ఓపెనర్ పాడైందని కొత్తది కొన్న వాళ్లు కూడా ఉన్నారు. కొత్తదాని కంట్లోనూ అదే ఎండ పడుతుంది.

దీనికి ఖర్చు లేని మార్గం ఉంది. రెండు కళ్లనూ అటుదిటు మార్చండి, అందుకునేది నీడ వైపు వచ్చేలా. చాలా ఇళ్లలో ఉండే లిఫ్ట్‌మాస్టర్, చాంబర్లెయిన్ రకాల్లో పసుపు లైటున్నది పంపేది, ఆకుపచ్చ లైటున్నది అందుకునేది. మార్చడం కుదరకపోతే టిష్యూ రోల్ లోపలి అట్ట గొట్టాన్ని చిన్న ముక్క కోసి ఎండ తగిలే కంటి చుట్టూ టోపీలా పెట్టండి. నవ్వకండి, బాగా పనిచేస్తుంది. కిరణాన్ని మూయకుండా చూసుకుంటే చాలు. అప్పటికప్పుడు డోర్ మూయాల్సి వస్తే గోడ మీది బటన్‌ను మూసుకునేదాకా నొక్కి పట్టుకోండి, చాలా రకాల్లో అలా మూసుకుంటుంది. కానీ అప్పుడు కిరణం రక్షణ ఉండదు కాబట్టి డోర్ కింద ఎవరూ లేరని కంటితో చూస్తూనే నొక్కాలి.

ఇక్కడే మన ఇళ్ల ప్రత్యేకత ఒకటి చెప్పాలి. ఇంట్లో వాసన పడుతుందని గరాజ్‌లో స్టవ్ పెట్టి చేపల పులుసు, గారెలు, జంతికలు వండే ఇళ్లు నాకు చాలా తెలుసు. ఆ నూనె పొగ ఈ కళ్ల అద్దాల మీద పేరుకుంటుంది. దాని మీద దుమ్ము పడితే జిడ్డుగా అతుక్కుంటుంది. మెత్తని బట్టతో నెలకోసారి తుడవండి. పనిలో పని, డోర్ మూసి గ్యాస్ స్టవ్ వెలిగించకండి, అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ప్రొపేన్ సిలిండర్ కూడా గరాజ్‌లో దాచకండి, బయట నీడన పెట్టండి. గ్యాస్ మంటతో నడిచే వాటర్ హీటర్ కూడా గరాజ్‌లోనే ఉన్న ఇల్లైతే మరీ ముఖ్యం.

గ్రీజు గురించి. అందరి ఇళ్లలోనూ నీలం, పసుపు డబ్బా డబ్ల్యూడీ ఫార్టీ ఉంటుంది. దాన్నే అన్నిటికీ కొట్టేస్తారు. మామూలు రకం డబ్బా తుప్పు వదిలించడానికి, శుభ్రం చేయడానికి బాగుంటుంది కానీ మన ఎండలో నిలవదు, కొన్నాళ్లకే ఆరిపోతుంది. ఉన్న గ్రీజును కూడా కడిగేస్తుంది. గరాజ్ డోర్ కోసమని అమ్మే సిలికాన్ స్ప్రే గానీ తెల్ల లిథియం గ్రీజు గానీ వాడండి. ఎక్కడ వేయాలంటే, ప్యానెళ్లను కలిపే మడతబందులకు, రోలర్ ఇరుసు బేరింగులకు, స్ప్రింగు పొడవునా పైపైన. నైలాన్ చక్రానికి మాత్రం పూయక్కర్లేదు. ట్రాక్ లోపల అసలు వేయకండి. ట్రాక్‌ను పొడిబట్టతో తుడిస్తే చాలు. గ్రీజు పూస్తే ఇక్కడి దుమ్ము అంటుకుని వేసవి చివరికి నల్లటి ముద్దవుతుంది, రోలర్లు దానిలో పొర్లుతాయి.

అడుగు రబ్బరు చూడండి. ఎండకు మెత్తబడి సిమెంటుకు అతుక్కోవడం, తర్వాత గట్టిపడి పగలడం రెండూ జరుగుతాయి. పగిలిన చోట నుంచి వేడి గాలి, బొద్దింకలు, ఒక్కోసారి తేళ్లు వస్తాయి. పైప్యానెల్ దగ్గర, పక్కల ఉన్న పట్టీలు కూడా అంతే. అడుగు రబ్బరు మార్చడం మీరే చేసుకోగల పని. గాడిలోంచి పాతది లాగేసి, కొత్తదాన్ని సబ్బునీళ్లు రాసి తోయాలి. ఇద్దరు మనుషులు కావాలి.

కానీ కొన్ని ఇళ్లలో ఎంత మంచి రబ్బరు వేసినా ఒక మూల వెలుగు కనిపిస్తూనే ఉంటుంది. అప్పుడు డోర్‌ను అనుమానించకండి, నేలను అనుమానించండి. మన కింద ఉన్నది నల్లరేగడి. గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు నేను చెప్పక్కర్లేదు, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చేయి పట్టేంత బీటలు తీస్తుంది. ఆగస్టులో వాన లేకపోతే పునాది ఒక మూల దిగుతుంది, గరాజ్ గుమ్మం మూల మట్టం తప్పుతుంది. నిటారు ట్రాక్ కాస్త వాలిపోతుంది, రోలర్లు పట్టేస్తాయి. ఇక్కడి వాళ్లు పునాది చుట్టూ చెమ్మ పైపులు వేసి మట్టిని తడుపుతూ ఉండటం చూసే ఉంటారు. కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు అది గడ్డి కోసమనుకుంటారు. అది పునాది కోసం. ఏటా ట్రాక్ సరిచేయించుకునే బదులు అదొకటి వేయించుకోండి.

పైన గోడకు స్ప్రింగు బిగించిన చెక్కను కింద నుంచే టార్చ్‌లైటు వేసి చూడండి. ఏళ్ల తరబడి గరాజ్ వేడికి చెక్క ఎండి నిలువునా చీలుతుంది, స్క్రూలు వదులవుతాయి. చీలిక కనిపిస్తే స్క్రూడ్రైవర్ పట్టుకుని ఎక్కకండి. మెలి తిప్పి బిగించిన స్ప్రింగు శక్తంతా ఆ చెక్క మీదే ఉంటుంది. కింద మూలల్లో తీగ బిగించిన బ్రాకెట్లు కూడా అంతే, వాటి బోల్టులకు కొందరు ఎర్ర రంగు వేస్తారు. అది ముట్టుకోవద్దని చెప్పడానికే.

ఇప్పుడు బరువు సంగతి. ఇది అర్థమైతే మిగతాది సగం అర్థమైనట్టే. డోర్‌ను ఎత్తేది మోటారు కాదు, స్ప్రింగు. మన పల్లెల్లో ఏతానికి అవతలి వైపు బరువు ఉంటే నీళ్ల బాన తేలిగ్గా లేచినట్టే ఇదీ. మోటారు చేసేది కొంచెం తోయడమే. స్ప్రింగు ఆ డోర్ బరువుకు సరిగ్గా లెక్కవేసి పెట్టినది. గరాజ్ పైన గేమ్ రూమ్ కాలిపోతోందని వీకెండ్‌లో ఫోమ్ బోర్డుల కిట్ తెచ్చి డోర్‌కి అతికిస్తారు. ఆలోచన మంచిదే. కానీ డోర్ బరువు పెరిగింది, స్ప్రింగు పాతదే. ఆ తేడా అంతా మోటారు మీద పడుతుంది. నలభై డిగ్రీల గాలిలో, సీలింగ్ కింద ఇంకా వేడిగా ఉండే చోట వేలాడుతున్న మోటారు అది. నాలుగైదు సార్లు వరసగా తిప్పితే లోపలి వేడి రక్షణ దాన్ని ఆపేస్తుంది. పావుగంట, అరగంట చల్లారితే మళ్లీ తిరుగుతుంది. మోటారు మూలుగుతూ కదలకపోతే చాలాసార్లు దాన్ని తిరగడం మొదలెట్టించే కెపాసిటర్ అనే భాగం పోయినట్టు.

బరువు సరిగా ఉందో లేదో ఇలా చూడండి. డోర్ పూర్తిగా మూసి ఉన్నప్పుడు మాత్రమే, ఓపెనర్ నుంచి వేలాడే ఎర్ర తాడు లాగండి, డోర్ మోటారు నుంచి విడిపోతుంది. తర్వాత చేత్తో నడుము ఎత్తుకి లేపి వదలండి. అక్కడే నిలబడితే సరిగా ఉన్నట్టు. కిందికి జారితే స్ప్రింగు చాలడం లేదు. ఎత్తడానికే ఇద్దరు కావలసి వస్తే స్ప్రింగు తెగి ఉండొచ్చు, ఇక దాని జోలికి పోకండి. డోర్ పైకి ఉన్నప్పుడు ఎర్ర తాడు లాగితే, స్ప్రింగు బాగోకపోతే, మొత్తం తలుపు దబ్బున కింద పడుతుంది. ఈ తాడు సంగతి అమ్మానాన్నలకు తెలుగులో చెప్పి, ఒకసారి చేయించి చూపించండి. వేసవి ఉరుములకు కరెంటు పోయి మీరు ఆఫీసులో ఉంటే వాళ్లే డోర్ తెరుచుకోవాలి. ఓపెనర్‌లో బ్యాటరీ ఉందిగా అంటారు. ఆ చిన్న బ్యాటరీకి ఈ వేడే శత్రువు, రెండు మూడేళ్లకే చచ్చిపోతుంది. 2017లో కాలిఫోర్నియా కార్చిచ్చుల్లో కరెంటు పోయి డోర్లు తెరుచుకోక జనం చిక్కుకున్నారని, అక్కడ 2019 జులై నుంచి కొత్త ఓపెనర్లకు బ్యాటరీ తప్పనిసరి చేశారు. మనం ఇక్కడ మనంతట మనమే చూసుకోవాలి.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

(గరాజ్ చల్లగా ఉండటానికి డోర్‌ను అడుగు ఎత్తి వదిలేయవచ్చా అని ఒకరు అడిగారు.)

పాములకు, దొంగలకు ఇష్టమైతే వదిలేయండి. చాలాచోట్ల హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం వాళ్లు కూడా ఊరుకోరు. సాయంత్రం కారు లోపల పెట్టాక ఇంజను వేడి పోయేదాకా పది, పదిహేను నిమిషాలు తెరిచి ఉంచి, మీరు అక్కడే ఉండి, తర్వాత మూయండి. వేడి కారును లోపల బంధించడం కూడా గరాజ్ వేడెక్కడానికి ఒక కారణం.

(తెల్ల డోర్‌కు నల్ల రంగు వేయించాలనుకుంటున్నామని ఒక ఆవిడ చెప్పారు.)

అమ్మా, ఇల్లు ఏ ముఖం? పడమరా? అయితే వద్దండి. నల్ల రేకు మీద ఆగస్టు సాయంత్రం చెయ్యి పెట్టలేరు. ఇందాక చెప్పిన ఉబ్బు ఇంకా పెరుగుతుంది, కిటికీల చుట్టూ ఉండే ప్లాస్టిక్ ఫ్రేములు వంకర పోతాయి. కొన్ని కంపెనీలు ముదురు రంగు వేస్తే వారంటీ ఇవ్వవు, ముందు కాగితాలు చదవండి. ఉత్తర ముఖమైతే మీ ఇష్టం, హెచ్‌ఓఏ అనుమతి తీసుకుని వేయించుకోండి.

(రెండు స్ప్రింగుల్లో ఒకటి తెగితే రెండూ మార్చాలా అని చివరి ప్రశ్న.)

మార్చండి. రెండూ ఒకే రోజు పెట్టినవి, అన్నిసార్లే తిరిగినవి. ఒకటి తెగిందంటే రెండోది వరసలో ఉన్నట్టే, మళ్లీ సర్వీసు ఫీజు దండగ. పదివేలది కాకుండా ఇరవై వేలకో, అంతకు మించో తయారైనది అడగండి, ధరలో తేడా పెద్దగా ఉండదు. ఇంకొక మాట, కొత్తది పెట్టే ముందు డోర్ బరువు తూచమనండి. పాత స్ప్రింగు కొలత చూసి అదే వేసేస్తామంటే, మీరు మధ్యలో ఫోమ్ గానీ స్ట్రట్లు గానీ పెట్టించి ఉంటే మాత్రం, ఇంకొకరిని పిలుచుకోండి.